పొద్దున్నే గేరు గట్టిగా పడుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఆయిల్ సంగతి చూడండి

ఈ రోజు ఎపిసోడ్ నేను ప్లాన్ చేసుకున్నది కాదు. డిసెంబర్‌లో ఆదిలాబాద్ ఇంటికి వెళ్లినప్పుడు మా బాపు బండితో జరిగిన కథ ఇది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని దాచను, ఎందుకంటే మీలో చాలామంది అదే చేస్తారు.

బాపుకి పేపర్ ఏజెన్సీ. తెల్లవారుజామున నాలుగింటికి కట్టలు దిగుతాయి. ఊళ్లలో జనం లేచేసరికి అవి చేరాలి. బండి పాత మారుతి ఓమ్ని. నేను వెళ్లిన రోజు రాత్రి అన్నం తింటూ అన్నాడు, "పొద్దుగాల సెకండ్ గేరు పడ్తలేదురా. ఎండ వచ్చినంక మంచిగనే పడుతది." మామూలుగా అన్నాడు. అమ్మ పక్క నుంచి అసలు విషయం చెప్పింది. అంతకుముందు వారం రైల్వే గేటు దాటుతుంటే ఫస్ట్ నుంచి సెకండ్ పడలేదట, మళ్లీ ఫస్ట్ కూడా పడలేదట, బండి సరిగ్గా పట్టాల మీద ఆగిపోయిందట. గేటు తీసే ఉంది, రైలేమీ రాలేదు, పది సెకన్లలో కదిలింది. కానీ అమ్మకి ఆ పది సెకన్లు నిద్ర పట్టనివ్వట్లేదు.

మెకానిక్‌కి చూపించారు. "గేర్‌బాక్స్ దించాలె, రింగులు పోయినయ్, 22 వేలు అయితది" అన్నాడు. బాపు చిట్టీ ఎత్తడానికి రెడీ అయిపోయాడు.

నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు వెతికినవాణ్ని. "ఎండ వచ్చినంక మంచిగనే పడుతది" అన్న మాట దగ్గర ఆగిపోయా. చల్లగా ఉన్నప్పుడే వచ్చి, వేడెక్కితే పోయే బగ్ అది. వేడికి మారేది ఏంటి? ఇత్తడి రింగు అరిగితే మధ్యాహ్నానికి పెరగదు కదా. మారేది ఆయిల్.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీరు సెకండ్ గేర్ వేసేటప్పుడు సెకండ్ గేర్ చక్రం ఒక స్పీడులో, అది పట్టుకోవాల్సిన షాఫ్ట్ ఇంకో స్పీడులో తిరుగుతుంటాయి. అలాగే కలిపితే గర్రుమంటుంది. అందుకే మధ్యలో సింక్రో రింగ్ ఉంటుంది, చాలా బండ్లలో ఇత్తడిది. మీరు రాడ్ తోసినప్పుడు ఆ రింగు వెళ్లి గేరు మీదున్న ఉక్కు కోన్‌ని పట్టుకుంటుంది. ఆ రాపిడితో రెండు స్పీడులూ ఒకటవుతాయి. ఒకటయ్యేదాకా రింగే దారి అడ్డుకుంటుంది. మీ చేతికి "గట్టిగా ఉంది" అనిపించేది ఆ అడ్డే.

ఇక్కడ తిరకాసు ఉంది చూడండి. అన్నీ ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కానీ రింగుకీ కోన్‌కీ మధ్య రాపిడి కావాలి. అందుకే రింగు లోపల మర చుట్లలాగా సన్నటి గీతలుంటాయి. ఆ గీతలు ఆయిల్ పొరని కోసి పక్కకి నెట్టేస్తాయి. ఆయిల్ పల్చగా ఉంటే క్షణంలో అయిపోతుంది. ఆముదంలా చిక్కగా ఉంటే పొర తొందరగా పోదు, రింగు జారుతూనే ఉంటుంది, మీరు రాడ్ నెడుతూనే ఉంటారు. ఎడ్లబండి ఇరుసుకైతే కందెన ఎంత చిక్కగా ఉన్నా పర్లేదు. గేర్‌బాక్స్‌కి అలా కాదు. పళ్ల దగ్గర జారుడు కావాలి, రింగు దగ్గర పట్టు కావాలి. ఒకే ఆయిల్ రెండూ చేయాలి.

బాపుని అడిగా, చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు అని. "దసరాకి ముందు. నైంటీ ఆయిల్ పోసిండు, అన్నిట్ల అదే." అన్నిట్లో అదే! ఓమ్నికి ఇంజన్ ముందు సీట్ల కింద, నడిచేది వెనక చక్రాలు. అంటే గేర్‌బాక్స్ వేరు, వెనక క్రౌన్ వేరు, రెండిటికీ వేరువేరు ఆయిల్. కానీ షెడ్డులో ఒకటే డబ్బా. ట్రాక్టర్‌కీ అదే, ఆటోకీ అదే, బాపు బండికీ అదే. తిట్టట్లేదు, ఆ అన్న దగ్గర అరవై రకాల ఆయిల్ పెట్టుకునే జాగా కూడా లేదు.

డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. ఒకటి గ్రేడ్. 80డబ్ల్యూ-90, 75డబ్ల్యూ-90, 75డబ్ల్యూ-80 ఇలా. వెనకాల అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. 90 అంటే 13.5 సెంటీస్టోక్స్ నుంచి 18.5 లోపు, 80 అంటే 11 లోపు. డబ్ల్యూ ముందున్న అంకె చలి సంగతి. 80డబ్ల్యూ మైనస్ 26 డిగ్రీల్లో, 75డబ్ల్యూ మైనస్ 40లో ఒక హద్దు దాటి చిక్కబడకూడదు. మీరు అడుగుతారు, ఆదిలాబాద్‌లో మైనస్ ఎక్కడ బ్రో అని. కరెక్టే. మా ఊళ్లో చలి అంటే ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు, మరీ వణికిస్తే ఇంకాస్త తక్కువ. ఆ మైనస్ పరీక్ష మనకి నేరుగా అక్కర్లేదు. మనకి కావాల్సింది కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఆయిల్ డేటాషీట్‌లో ఉంటుంది, 40 డిగ్రీల దగ్గర చిక్కదనం. మామూలు 80డబ్ల్యూ-90కి అది 140 దరిదాపుల్లో ఉంటుంది. 75డబ్ల్యూ-80లకి చాలావరకు 50, 60 మధ్య. 40 దగ్గరే ఇంత తేడా ఉంటే, తొమ్మిది డిగ్రీలకి దిగేసరికి తేడా ఇంకా పెరుగుతుంది. డబ్బా మీద బొమ్మ చూసి కొనకండి, ఫోన్‌లో రెండు నిమిషాలు పెట్టి ఆ షీట్ తెరవండి.

ఇంకొకటి, గేర్ ఆయిల్ 90ని ఇంజన్ ఆయిల్ 40తో పోల్చకండి. కొలబద్దలే వేరు. 90 గేర్ ఆయిల్ వేడిలో దాదాపు 40, 50 ఇంజన్ ఆయిల్ అంత చిక్కనే.

రెండోది జీఎల్ నంబర్. నేను బోల్తాపడింది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఫుల్ సింథటిక్ 75డబ్ల్యూ-90, జీఎల్-5 కనిపించింది. పక్కనే జీఎల్-4 కూడా ఉంది. మన బుర్ర తెలుసు కదా, వెర్షన్ 5 ఉండగా వెర్షన్ 4 ఎవడు కొంటాడు? ఆర్డర్ పెట్టేశా, పోసేశా. మర్నాడు చల్లటి పూట గేరు బాగానే తేలికైంది. నేను హీరో. సాయంత్రం నేనే నడుపుతూ స్పీడ్ బ్రేకర్ ముందు థర్డ్ నుంచి సెకండ్‌కి గబుక్కున వేశా. గర్ర్ర్. అంతకుముందు ఎప్పుడూ రాని చప్పుడు. బాపు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. అదే ఎక్కువ.

జీఎల్ నంబర్ అంటే వెర్షన్ కాదు, పని రకం. జీఎల్-5ని హైపాయిడ్ గేర్ల కోసం తయారు చేస్తారు, అంటే వెనక క్రౌన్ లాంటివి. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారతాయి. అందుకే గంధకం, భాస్వరం కలిసిన మందు జీఎల్-4 కన్నా సుమారు రెట్టింపు వేస్తారు. ఆ మందు క్రౌన్‌కి ప్రాణం. సింక్రో రింగుకి మాత్రం అతి జారుడు, పట్టాల్సిన చోట పట్టదు. పైగా గంధకం ఎక్కువుంటే ఇత్తడికి మంచిది కాదని పాత మాట ఉంది. ఈ కాలం జీఎల్-5ల్లో చాలావాటికి ఆ ఇబ్బంది తగ్గించారు కానీ, మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయడమే నా లెక్క. "జీఎల్-4/5" అని రెండూ రాసిన డబ్బాలుంటాయి. నేనైతే గేర్‌బాక్స్‌కి కొనను.

సీటు కింద నుంచి మాన్యువల్ తీశా, ఎలుకలు కొంచెం తిన్నాయి. గేర్‌బాక్స్‌కి జీఎల్-4, క్రౌన్‌కి జీఎల్-5 అని విడివిడిగా స్పష్టంగా ఉంది. ముందే తెరిచి ఉంటే ఒక డబ్బా డబ్బులు మిగిలేవి. గేర్‌బాక్స్ వరుసలో 75డబ్ల్యూ-90 ఉంది కాబట్టి అదే గ్రేడ్‌లో జీఎల్-4 తెప్పించా. పల్చగా ఉంటే మంచిదని చెప్పా కదా అని మాన్యువల్‌లో లేనంత పల్చటిది పోయకండి. బేరింగులకి, పళ్లకి పొర చాలదు, పాత బాక్స్ అయితే హోరు మొదలవుతుంది. కొన్ని బండ్లకి కంపెనీ సొంత ఆయిలే చెప్తుంది, పాత హోండాల్లో కొన్నింటికి ఇంజన్ ఆయిలే. అందుకే నన్ను కామెంట్‌లో "నా బండికి ఏది అన్నా" అని అడిగితే నేను ముందు మాన్యువల్ పేజీ ఫోటో అడుగుతా.

ఆయిల్ కొనే ముందు ఒక ఫ్రీ టెస్ట్. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపి, అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడి, స్టార్ట్ చేసి నిలబెట్టినప్పుడు ఫస్ట్, రివర్స్ గట్టిగా పడుతుంటే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదేమో, వైర్ అడ్జస్ట్‌మెంట్ చూడాలి. ఆపినా రాడ్డే బిగుసుకుని ఉంటే లింకేజీ. బాపుది రెండూ కాదు, కదిలేటప్పుడు సెకండ్ ఒక్కటే.

ఇంట్లో మార్చేవాళ్లకి ఒకటే హెచ్చరిక. ముందు పైన పోసే బోల్ట్ ఊడుతుందో లేదో చూడండి, ఆ తర్వాతే కింద డ్రెయిన్ విప్పండి. పైది బిగుసుకుపోయి కిందది ఖాళీ చేశారనుకోండి, బండి తోసుకుంటూ షెడ్డుకి పోవాలి. బండి చదునుగా నిలబెట్టి, పోసే రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలయ్యేవరకు పోయాలి. తీసిన ఆయిల్ మోరీలో పారబోయకండి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చే షెడ్డులో ఇచ్చేయండి.

డ్రెయిన్ బోల్ట్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు కనిపిస్తుంది, అది మామూలే. ముక్కలు వస్తే మాత్రం మెకానిక్ మాట వినాల్సిందే. బాపు బండి ఆయిల్‌ని గిన్నెలో ఎండకి పెట్టి చూస్తే సన్నటి పసుపు మెరుపు కనిపించింది. ఇత్తడి. అంటే మెకానిక్ అన్న చెప్పింది పూర్తి అబద్ధం కాదు, రింగులు కొంత అరిగాయి. అరిగిన రింగు వేడి ఆయిల్‌లో నెట్టుకొస్తుంది, చిక్కటి చల్లటి ఆయిల్‌లో చేతులెత్తేస్తుంది.

బైక్ వాళ్లు ఇక్కడ ఆగండి. మీ బైకుల్లో చాలావాటికి ఇంజన్, క్లచ్, గేర్లు అన్నిటికీ ఒకటే ఆయిల్. ఇదంతా విని దాంట్లో గేర్ ఆయిల్ పోయకండి, ప్లీజ్.

కొత్త ఆయిల్ పోసిన మర్నాడు నాలుగుంబావుకి నేనూ పక్క సీట్లో ఎక్కా. ఫోన్‌లో తొమ్మిది డిగ్రీలు. చాలామంది పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో పెట్టి వేడి చేస్తారు. దానివల్ల వేడెక్కేది ఇంజన్, మీటర్లో చూపించేదీ దాని వేడే. గేర్‌బాక్స్ నడిస్తేనే మెల్లగా వేడెక్కుతుంది. అందుకే స్టార్ట్ చేసి, మొదటి రెండు కిలోమీటర్లు నింపాదిగా పోయాం. గల్లీ చివర సెకండ్ కొంచెం బిగువుగా పడింది, కానీ పడింది. రైల్వే గేటు దగ్గర బాపు ఫస్ట్‌లోనే పట్టాలు దాటి, అవతల సెకండ్ వేశాడు. టక్. ఇంకా అలవాటు పోలేదు.

చిట్టీ ఎత్తలేదు. ఆ పసుపు మెరుపు ఉంది కాబట్టి వచ్చే చలికాలంలోపు బాక్స్ దించాల్సి రావచ్చు, అప్పుడు చూద్దాం అనుకున్నాం. మిగిలిపోయిన జీఎల్-5 డబ్బా వృథా కాలేదు, క్రౌన్‌లో పోసేశాం, మాన్యువల్ గ్రేడ్ చూసే. వచ్చే ఎపిసోడ్ క్లచ్ వైర్ మీద. ఉంటా మరి.