చేపల గాలమునకు రొయ్యముద్ద ఎర

(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రము బోధించువానికి చేపల గాలముతో పని యేమని మీలో కొందరికి తోచవచ్చును. వరిలో కలుపును గూర్చియో, పచ్చిరొట్ట ఎరువును గూర్చియో నేను చెప్పవలసినవాడను. కాని ఇటీవల పొలములో సేద్యపు కుంట త్రవ్వుకొన్న రైతు వరి సంగతి అడిగిన పిమ్మట చేపల సంగతి అడుగక మానుట లేదు. "కుంటలో మార్పులు చేరినవి, వలకు చిక్కవు, ఏమి చేయవలె?" ననునది ఒక ప్రశ్న. "ఇంటికి రెండు చేపలు కావలసినప్పుడు కుంటంతయు కలియబెట్టకుండ పట్టుకొను మార్గము కలదా?" యనునది రెండవ ప్రశ్న. ఈ రెండు పనులకును గాలము తగిన సాధనము. గాలము సంగతి ఎర మీద ఆధారపడి యుండును.

మన ప్రాంతములలో ఎర యనగానే అందరును వానపాములకై గట్టు త్రవ్వుదురు. నా వృత్తిని బట్టి నాకు ఇది బాధ కలిగించు విషయము. వానపాము నేలను గుల్లచేసి, చెత్తను ఎరువుగా మార్చి, కూలి యడుగక పనిచేయు జీవి. దానిని గాలమునకు గ్రుచ్చుటకు బదులు ఇంటిలోనే చేసికొనదగిన ఎర ఒకటి కలదు. అదియే ఊరవేసిన రొయ్యల ముద్ద కలిపిన పిండి ఎర. దానిని చేయు విధమును, వాడు విధమును, అంతకంటె ముఖ్యముగా ఎంత వాడవలెనో, ఎక్కడ ఆపవలెనో నేడు మీతో ముచ్చటించెదను.

రొయ్యముద్ద అనగా నేమి?

సముద్రతీరమున వలకు పడు చిరురొయ్యలను ఉప్పుతో కలిపి, ఎండలో ఆరబెట్టి, దంచి, ఊరవేసిన ముద్ద ఇది. మలయా దేశమున దీనిని బెలచాన్ అనియు, ఇండొనీషియాలో తెరాసి అనియు, థాయిలాండులో కపి అనియు అందురు. బర్మావారు చేపలతోను, రొయ్యలతోను చేసిన ఇట్టి ముద్దలను ఙపి అందురు. వారికిది ఆహారము. మన ఉత్తరాంధ్ర తీరమునుండి రంగూనుకు పనులకై వెళ్ళి స్థిరపడిన కుటుంబములు అనేకము కలవు. 1962 తరువాత వానిలో చాల భాగము తిరిగి వచ్చినవి. మా నాయనమ్మ ఆ విధముగా వచ్చిన పిల్ల. ఆమె చేతనే నేను ఈ ముద్ద తయారీని నేర్చికొంటిని.

చేపకు ఇది ఏల రుచించును?

రొయ్యలో మాంసకృత్తులు మెండు. ఉప్పులో ఊరునపుడు రొయ్య కడుపులోని జీర్ణరసములును, ఉప్పును తట్టుకొను సూక్ష్మజీవులును ఆ మాంసకృత్తులను ముక్కలు చేసి అమైనో ఆమ్లములుగా మార్చును. ఈ ఆమ్లములు నీటిలో సులువుగా కరగును. చేప నీటిలో వెదకునది ముఖ్యముగా వీనినే. బంగారు తీగకు పెదవులపైనను, మీసములపైనను రుచిని గుర్తించు మొగ్గలు కలవు. మీసపు చేపలకు, అనగా మార్పు, జెల్ల, వాలుగ మొదలగువానికి మీసములమీదనే గాక ఒంటి చర్మముమీద కూడ ఇట్టి మొగ్గలుండును. అందుచే బురదనీటిలోను, చీకటిలోను కంటితో పనిలేకయే అవి మేతను కనుగొనగలవు. చిటికెడు ముద్ద కరగినను చాలును, ఆ జాడ వెంట చేప వచ్చును.

ముద్ద తయారు చేయు విధము

తాజా చిరురొయ్యలు ఒక కిలో తీసికొని, చెత్త ఏరి, కడిగి, నీరు వార్చవలెను. అందులో పావుకిలో గల్లుప్పు కలిపి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు చాపమీద పలుచగా పరచి, సగము తేమ పోవువరకు ఎండబెట్టి, రోటిలో మెత్తగా దంచవలెను. దానిని జాడీలో గాలి సందు లేకుండ అదిమి నింపి, పైన పలుచగా ఉప్పు చల్లి, వాసెన కట్టి నీడన ఉంచవలెను. నెల మొదలు నలుబది దినములలో అది గోధుమరంగు కలిసిన గులాబిరంగునకు తిరుగును.

ఊరుట వేరు, కుళ్ళుట వేరు. ఆవకాయ పెట్టు గృహిణికి ఈ భేదము చెప్పనక్కరలేదు. ముద్ద వాసన ఘాటుగా నుండును గాని కుళ్ళిన గ్రుడ్డు వాసన రాకూడదు. అట్టి వాసన వచ్చినను, పురుగు పట్టినను ఉప్పు చాలలేదని గ్రహించి, దానిని పెంటగుంటలో పూడ్చవలెను. పచ్చిరొయ్యలు దొరకని మెట్టప్రాంతములవారు సంతలోని ఎండు రొయ్యపొట్టును తడిపి, ఉప్పుతో దంచి వాడుకొనవచ్చును. దీనికి అంత ఘాటు రాదు గాని పని జరుగును. ఎరకై చేసిన ముద్దను వంటయింటి జాడీలతో కలిపి ఉంచకుడు.

ఎర కలుపు విధము

బొచ్చె, రాగండి, ఎర్రమోసు, బంగారు తీగలకు: తవుడు అరకిలో, వేరుశనగ చెక్క పొడి పావుకిలో, గోధుమపిండి పావుకిలో తీసికొనవలెను. రొయ్యముద్ద 20 గ్రాములు మాత్రము గోరువెచ్చని నీటిలో కరగించి, ఆ నీటితో పిండిని గట్టిగా పిసికి, గంటసేపు తడిగుడ్డ కప్పి ఉంచవలెను. పిమ్మట ఉసిరికాయంత ఉండలు చేయవలెను. ఒక ఉండను గ్లాసు నీటిలో వేసి చూడుడు. పావుగంట వరకు విడిపోకుండ, అంచులు మాత్రము కొద్దికొద్దిగా కరగుచుండిన పాకము కుదిరినట్లు. వెంటనే విడిపోయినచో మరికొంత గోధుమపిండి చేర్చవలెను. పరిగెలు ఎరను కొరికివేయుచున్నచో, పిండిని నీటికి బదులు కోడిగ్రుడ్డు సొనతో కలిపి, ఉండలను మరుగు నీటిలో రెండు నిమిషములు ఉడికించి ఆరబెట్టవలెను. పైన తోలు కట్టి గట్టిపడును.

బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలో మేయును. కనుక బెండుకు రెండు మూడు అడుగుల క్రింద ఎర వ్రేలాడవలెను. రాగండికి నడిమి నీటిలోను, ఎర్రమోసునకు, బంగారు తీగకు అడుగునను ఉంచవలెను.

మీసపు చేపలకు పిండి ఎర అంతగా పనికిరాదు. కోడి పేగునో, కాలేయపు ముక్కనో గాలమునకు గ్రుచ్చి, దానికి రొయ్యముద్దను పలుచగా పూయవలెను. సందె వేళ మొదలు రాత్రి వరకు అడుగు నీటిలో ఉంచవలెను. చిక్కిన చేపను వట్టి చేతితో పట్టకుడు. ఇంగిలాయి ఱెక్క ముల్లు విషము గలది. గ్రుచ్చుకొన్నచో ఓర్వగలిగినంత వేడినీటిలో ఆ చేతిని ఉంచి, పిమ్మట వైద్యునికి చూపవలెను.

నేను చేసిన పొరపాటు

ఇంతవరకు చెప్పినది తేలిక. ఇక చెప్పబోవునది నాకు నష్టము తెచ్చిన సంగతి. దీనిని చెప్పుటకే ముఖ్యముగా నేడు వచ్చితిని.

మా నాన్నగారికి పది సెంట్ల కుంట కలదు. అందులో 200 బొచ్చె, రాగండి పిల్లలను వదలితిమి. అవి అరకిలో తూగునాటికి కాలువ నీటితో మార్పులు వచ్చి చేరినవి. మార్పు చిన్నచేపలను తినును. మరుసటి విడత పిల్లలను వదలులోగా వానిని తీసివేయవలెనని మా ఆలోచన. కుంట ఖాళీగా నున్నచో ఇప్పచెక్క వేయు పద్ధతి కలదు గాని, అది మంచిచేపను, మార్పును ఎంచి చంపదు. కనుక గాలముతో పట్టుదమంటిని.

ఎర కొంచెము వేసిన కొంచెము చేప, ఎక్కువ వేసిన ఎక్కువ చేప వచ్చునని నేను తలచితిని. చదువుకొన్నవాని లెక్క అది! తవుడు, చెక్క, రొయ్యముద్ద కలిపి, మూడు సాయంత్రములు బకెట్టు చొప్పున కుంటలో క్రుమ్మరించితిని. ఆ మూడు దినములును ముసురు. నాల్గవనాడు తెల్లవారుజామున మా నాన్నగారు లేపగా పోయి చూచితిని. బొచ్చెలన్నియు మూతులు పైకెత్తి గుటకలు వేయుచున్నవి. కొన్ని అప్పటికే వెల్లకిల పడినవి. ఇంజను వేసి, కుంట నీటినే పైనుండి జల్లుగా పడునట్లు చేయగా ఎండ వచ్చువరకు మిగిలినవి నిలిచినవి. ఒడ్డున తట్టల కొలది చచ్చిన చేపలను మా నాన్నగారు మాటాడక ఏరుచుండిరి.

కారణము నాకు తెలియనిది కాదు. నీటిలో పడిన మేత కుళ్ళునపుడు ప్రాణవాయువును హరించును. మబ్బు పట్టిన దినమున నీటిలోని నాచు ప్రాణవాయువును చాలినంత చేయజాలదు. రాత్రి అసలే చేయదు. తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. ఈ చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండుట మంచిది. మార్పునకు ఆ బాధ లేదు. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు. ఏ చేపను తీయగోరితినో అది క్షేమముగా నున్నది. ఏ చేపను కాపాడగోరితినో అది చచ్చినది.

ఆనాడు మా నాయనమ్మ గట్టుమీద కూర్చుండి అన్న మాట: "ఒరే బాబూ, ఙపి అన్నంలోకి ఎంత యేసుకుంటాం? గోరంత. మరి సేపకి కుండలు కుండలు పోస్తావేటి?"

మీరు పాటింపవలసినవి

ఎర చేపను పిలుచుటకే గాని, దాని కడుపు నింపుటకు కాదు. పది సెంట్ల కుంటలో ఒక దినమునకు ఎర మొత్తము అరకిలో మించరాదు. ఆ దినము వేయు మేతలో అంత తగ్గింపవలెను. మబ్బు, ముసురు గల దినములలోను, చేపలు పైకి తేలుచున్నపుడును ఎర వేయరాదు. మిగిలిన ఎరను నీటిలో పారవేయక పెంటగుంటకు చేర్చవలెను. పిండి ఎరలో రొయ్యముద్ద నూటికి రెండు పాళ్ళు చాలును. తెగిన నైలాను దారము గట్టున విడువరాదు. అది పక్షుల కాళ్ళకు చుట్టుకొనును, పశువు మేతలో కలియును.

ఆఫ్రికా మార్పు పెంపకమును భారత ప్రభుత్వము 2000 సంవత్సరములో నిషేధించినది. అది మీ గాలమునకు తగిలినచో మరల ఏ నీటను వదలకుడు.

ఊరి చెరువు సంగతి వేరు. అనేక చెరువులలో చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘములది. వారి అనుమతి లేక గాలము వేయుట వారి కంచములో చేయి పెట్టుట. తొలకరి వరదలలో గ్రుడ్లు పెట్టుటకు ఎదురెక్కు వాలుగను, జెల్లను కాలువలలో పట్టకుడు. పురుగుమందు పోసి చేపలు పట్టు దుర్మార్గమును మీ ఊర ఎవరు చేసినను ఊరకుండకుడు. ఆ నీటినే పశువులు త్రాగును.

తిరిగి మరుసటి ఏడు మేము 20 గ్రాముల ముద్దతోను, కోడిపేగులతోను సందె వేళల కూర్చుండి మార్పులను ఒక్కొక్కటిగా పట్టితిమి. నెల పట్టినది. కుంటలోని బొచ్చె ఒకటియు చావలేదు. మీరును ఆ విధముగనే ఓపికతో చేయుదురు గాక.