జీతంతో సెలవు ఎవరికి?

పీహెచ్‌డీకి తెలివొక్కటే చాలదు, తిండి ఖర్చూ కావాల. 1913లో అంబేడ్కర్ గారు కొలంబియా వెళ్ళింది బరోడా మహారాజు నెలకి పదకొండున్నర పౌన్లు ఇస్తేనే. గడువు తీరాక, 1917లో లండన్ చదువు మధ్యలో ఆపుకొని రావాల్సొచ్చింది.

డిగ్రీ కాలేజీ మాస్టారు పరిశోధనకి వెళితే జీతంతో సెలవు, ఆయన బదులు పాఠం చెప్పే మనిషికి జీతం యూజీసీయే ఇచ్చే పథకం పెట్టారు. మంచిదే. కానీ అది దక్కింది పర్మనెంటు వాళ్ళకే! మన పేటల్లోంచి పైకొచ్చి అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు గెస్టు లెక్చరర్లుగా చేసే పిల్లలకి గంట లెక్కన డబ్బులు. రాజమండ్రి నన్నయ యూనివర్సిటీకి పోయిన రోజు, దింపు లేని రోజుతో సమానం. పైగా పోస్టు అడిగితే "పీహెచ్‌డీ ఏదీ?" అంటారు.

బ్యాక్‌లాగ్ పోస్టులు నింపమందాం. గెస్టు వాళ్ళకీ పరిశోధన భత్యం అడుగుదాం. వచ్చే మీటింగుకి మీ ఊళ్ళో అలాంటి పిల్లలెవరో రాసుకురండి.