ఆశ్చర్యపడడం నేర్పిన ఖాజీ: జకరియా అల్ ఖజ్వీనీ



మన పిల్లలను ముస్లిం శాస్త్రకారుల పేర్లు చెప్పమంటే రెండు మూడు పేర్లతో ఆగిపోతారు. పాఠ్యపుస్తకాలలో అంతకు మించి కనిపించవు. అందుచేత ఈనాడు మరొక మహనీయుని మీకు పరిచయం చేయదలచాము.

జకరియా అల్ ఖజ్వీనీ 1203 ప్రాంతంలో, నేటి ఇరాన్‌లోని ఖజ్వీన్ నగరంలో జన్మించారు. మోసుల్‌లో అసీరుద్దీన్ అబ్‌హరీ వద్ద విద్యనభ్యసించారు. అబ్బాసీ వంశపు చివరి ఖలీఫా కాలంలో ఇరాక్‌లోని వాసిత్, హిల్లా పట్టణాలకు ఖాజీగా, అనగా న్యాయాధీశునిగా పనిచేశారు. 1258లో మంగోలులు బాగ్దాదును ధ్వంసం చేశారు. ఖలీఫా హతుడయ్యాడు, గ్రంథాలయాలు నాశనమయ్యాయి. ఖజ్వీనీ రెండు మహాగ్రంథాలు మనకు దక్కినది ఆ విధ్వంసం తరువాతనే. తన కళ్లెదుట లోకం కూలిపోయిన మనిషి, ఆ లోకాన్ని మరల మొదటినుండి వర్ణించడానికి కలం పట్టారు.

మొదటిది 'అజాయిబుల్ మఖ్లూఖాత్', సృష్టిలోని అద్భుతాలు. గ్రహ నక్షత్రాలతో ఆరంభించి సముద్రాలు, ఖనిజాలు, వృక్షాలు, జంతువులు, మానవుని వరకు సాగుతుంది. కారణం తెలియనప్పుడు మనిషికి కలిగే దిగ్భ్రమయే ఆశ్చర్యమని పీఠికలో నిర్వచించి, తేనెపట్టును ఉదాహరణగా చూపారు. కొలబద్ద, వృత్తలేఖిని లేకుండా అంత చిన్న ప్రాణి సమానమైన షడ్భుజులను ఎట్లా కట్టింది? రోజూ చూస్తున్నాము గనుక మనకు వింత తోచదు. అలవాటు ఆశ్చర్యాన్ని మింగివేస్తుందని ఆయన హెచ్చరిక. ఈ గ్రంథంలో వింత జీవుల కథలు కూడా లేకపోలేదు. అవి ఆ కాలపు వినికిడి. ప్రశ్నించే చూపు మాత్రం నేటికీ పనికివస్తుంది. దక్కనులో సైతం ఈ గ్రంథానికి సచిత్ర ప్రతులు తయారయ్యాయి.

రెండవది 'ఆసారుల్ బిలాద్', దేశాల విశేషాలు. 1263లో రచించి, అనంతరం విస్తరించారు. భూమిని ఏడు ఇఖ్లీములుగా విభజించి, ఒక్కొక్క దానిలోని నగరాలను అక్షరక్రమంలో వివరించారు. మనిషి ఒంటరిగా జీవించలేడు, ఒక రొట్టె ముక్కకు సైతం రైతు, వడ్రంగి, కమ్మరి అందరూ కావాలి, అందుకే ఊళ్లు పుట్టాయని దాని పీఠికలో వివరించారు.

ఈ గ్రంథంలో జర్మనీలోని మైంజ్ నగర ప్రస్తావన ఉంది. అక్కడ సమర్ఖండులో ముద్రించిన దిర్హములు, హిందూదేశపు మిరియాలు, శొంఠి, లవంగాలు కనిపించాయట! ఆ సమాచారం ఖజ్వీనీ స్వయంగా చూసినది కాదు. స్పెయిన్‌కు చెందిన తర్తూషీ చెప్పినదని పేరు పెట్టి మరీ రాశారు. ఆ తర్తూషీ పదవ శతాబ్దపు యూదు యాత్రికుడు ఇబ్రాహీం ఇబ్న్ యాఖూబ్ అని పండితులు గుర్తించారు. ఒక క్రైస్తవ నగరాన్ని గురించి ఒక యూదుడు చెప్పిన మాటను ఒక ముస్లిం ఖాజీ భద్రపరిచారు. ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు, ఏ మాట ఎవరిదో నమోదు చేయడంలోని నిజాయితీ ఎంత విలువైనదో తెలుసు.

ఈ దేశ చరిత్రలో, ప్రపంచ విజ్ఞానంలో మీ వాటా ఏమిటని మన బిడ్డలను అడిగేవారున్నారు. కోపంతో బదులివ్వనక్కరలేదు, ఖజ్వీనీ వంటి వారిని చదివి, ఆధారంతో బదులివ్వండి. అయితే పూర్వుల గొప్ప చెప్పుకొని సంతృప్తి పడితే చాలదు. ఆపద వచ్చినప్పుడు ఆయన చదువు విడువలేదు; మనమూ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా బడి మాన్పించరాదు. మా విన్నపం ఇదే.