పరిచయ సంతకం

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో నా పక్క కుర్చీలో కూర్చునే మిత్రుడు ఈసారి లేడు. పోయిన శ్రావణంలో, నూలు పున్నమికి నాలుగు రోజుల ముందు కాలం చేశాడు. మార్కండేయ మహర్షి రథం షోలాపూర్ తూర్పు భాగం వీధుల్లో తిరిగేటప్పుడు చిన్నప్పటి నుంచీ మేమిద్దరం దాని వెంట నడిచేవాళ్ళం. పోయినసారి నేను ఇంటి గడప దిగలేదు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ఉపన్యాసాలు రావు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పేరు చెప్పను. ఈ హాలులో చాలామందికి ఎవరో తెలుసు. సభలో తన పేరు చదివితే లేచి బయటికి పోయే మనిషి. ఇంకొక మాట, 'ఆయన' అంటుంటే నాకు ఎవరో పరాయివాణ్ణి గురించి చెబుతున్నట్టుంది. ఇకమీద 'వాడు' అంటాను, పెద్దలు మన్నించాలి.

మా తాతలిద్దరూ నిజాం కాలంలో మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చినవారే. వాళ్ళ తాతది కరీంనగర్ వైపు, మా తాతది నల్గొండ వైపు. మా ఇళ్ళ మధ్య ఒకే గోడ. నాన్నలు చద్దర్లు నేసేవారు, అమ్మలు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. 1976లో ఇద్దరం ఎస్.ఎస్.సి. పాసయ్యాం. వాడికి నాకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ వేసవిలోనే వాళ్ళ నాన్న దగ్గుతో మంచం పట్టాడు. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి వాడు కార్ఖానాలో సాంచా మీద నిలబడ్డాడు, నేను కామర్సులో చేరాను.

1979లో, నేను బి.కాం. రెండో సంవత్సరంలో ఉండగా, నాకు బ్యాంకు ఖాతా అవసరమైంది. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి తెలియదు గనుక చెబుతున్నాను. అప్పట్లో ఖాతా తెరవాలంటే, అదే శాఖలో ఖాతా ఉన్న మరొకరు 'ఈ మనిషిని నేనెరుగుదును' అని ఫారం మీద సంతకం పెట్టాలి. దానిని పరిచయ సంతకం అనేవాళ్ళం. ఆధార్ అప్పటికి లేదు. మనిషికి మనిషే రుజువు. మా నాన్నకు ఖాతా లేదు. వాడికి ఉంది, కూలి డబ్బులో వారం వారం కొంత వేసుకునేవాడు. పని మధ్యలో అడిగి, తల నిండా నూలు పొట్టుతో పరుగెత్తుకొచ్చాడు. మేనేజరు గారు "ఇతను నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?" అని అడిగారు. "పుట్టినప్పటి నుంచి" అన్నాడు. "నీ వయసెంత?" "పందొమ్మిది." అందరూ నవ్వారు. నా ఖాతా తెరిచారు.

1982లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. బయటి ఊళ్ళలో కొన్నాళ్ళు చేసి మన ఊరి శాఖకు బదిలీ అయ్యాను. ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు సిగ్గుచేటైన సంగతి. 1989లో ఒకరోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి నా కౌంటరు దగ్గరికి వచ్చింది. చేతిలో తన పేరుమీద వచ్చిన స్కాలర్‌షిప్ చెక్కు ఉంది. చెక్కు మీద రెండు గీతలు గీసి 'అకౌంట్ పేయీ' అని ఉంటే డబ్బు చేతికివ్వరు, ఆ పేరుగల ఖాతాలోనే జమ కావాలి. ఖాతా ఫారం నింపుకుని వచ్చింది, ఫొటోలు తెచ్చింది. పరిచయకర్త గడి మాత్రం ఖాళీగా ఉంది. "ఎవరి చేతనైనా సంతకం పెట్టించుకుని రా" అని ఫారం వెనక్కి తోశాను. ఆ పిల్ల ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి ఎవరో నాకు తెలుసు. మా వెనక వీధి పిల్ల. వాళ్ళమ్మ, మా అమ్మ ఒకే చోట బీడీలు ఇచ్చి వచ్చేవారు. నాకు ఆ శాఖలో ఖాతా ఉంది. నేనే సంతకం పెట్టవచ్చు, ఏ రూలూ అడ్డు రాదు. లైనులో పదిమంది ఉన్నారని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. పక్క కౌంటర్లలో కూర్చున్నవాళ్ళ ముందు, బీడీలు చేసే ఇంటి పిల్లను మా వాడకట్టు పిల్ల అని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. నేనూ అదే ఇంటినుంచి వచ్చానని వాళ్ళకు తెలిసిపోతుందని.

ఎనిమిది నెలల తర్వాత నా మిత్రుడు ఆ చెక్కు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బ్యాంకులో తీసుకోలేదని ఆ తల్లి దానిని భద్రంగా పెట్టెలో దాచింది. చెక్కుకు అప్పుడు ఆరు నెలలే గడువు. గడువు దాటిపోయింది. వాడు చెక్కు బల్లమీద పెట్టి అడిగాడు.

"గా పిల్ల నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి తెల్వనట్టు ఎట్ల పంపినవ్‌రా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు ఇంకొక మాట అనలేదు. 1979లో తాను పెట్టిన సంతకం గుర్తుచేసినా బాగుండేది, అదీ చేయలేదు. కూలి పోగొట్టుకుని చెక్కు ఇచ్చిన ఆఫీసు చుట్టూ తిరిగి, కొత్త చెక్కు రాయించాడు. తానే సంతకం పెట్టి ఆ అమ్మాయికి ఖాతా తెరిపించాడు. కానీ అప్పటికి పరీక్ష ఫారం కట్టే గడువు దాటిపోయింది. ఆమె తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. మరుసటేడు పెళ్ళి చేశారు. ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి పోలేదు.

వాడు నాతో మాట మానలేదు. సాయంత్రం చాయ్ ఎప్పటిలాగే కలిసి తాగేవాళ్ళం. తిడితే నాకు తేలికయ్యేది. కార్ఖానాకు సెలవున్న రోజుల్లో మాత్రం మా శాఖకు వచ్చి గోడవార బల్లమీద కూర్చోవడం మొదలుపెట్టాడు. చదవడం రానివారికి స్లిప్పులు నింపి పెట్టేవాడు. ఖాతా కావలసినవారికి పరిచయ సంతకం పెట్టేవాడు. అడిగిన వెంటనే పెట్టేవాడు కాదు. "మీ ఇంటికొచ్చి చాయ్ తాగి పెడతా" అనేవాడు. నిజంగానే వెళ్ళేవాడు. ఇల్లు చూసి, పనిచేసే చోటు కనుక్కుని అప్పుడు పెట్టేవాడు. ఒకసారి అలా పరిచయం చేసిన ఒక ఖాతాలో గొడవ వచ్చింది. మేనేజరు పిలిపించి గట్టిగా మాట్లాడారు. బయటికి వచ్చాక "ఇకనైనా మానుకో" అన్నాను. "ఒక్కడు తప్పుజేసిండని మిగిలినోళ్ళను తెల్వదనాల్నా?" అన్నాడు.

ఎన్ని ఖాతాలకు సంతకం పెట్టాడో నేను లెక్కపెట్టలేదు. ఫారాల మీద పరిచయకర్త ఖాతా నంబరు కూడా రాయాలి. వాడి నంబరు చూసి చూసి నాకు కంఠతా వచ్చింది. నేనూ ఆ గడిలో సంతకం పెట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి పెట్టిన రోజు వాడు బల్లమీదే ఉన్నాడు, చూశాడు, తల తిప్పుకుని స్లిప్పు రాసుకున్నాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, గుర్తింపు పత్రాలు వచ్చాయి, ఆధార్ వచ్చింది. పరిచయకర్త గడి ఫారం నుంచి పోయింది. "నీ పని తప్పింది" అని నవ్వాను. "గడి పోయింది, పని యాడ పోయింది?" అన్నాడు. వాడన్నదే నిజమైంది. ఇప్పుడు స్కాలర్‌షిప్ చెక్కుగా రాదు, నేరుగా ఖాతాలో పడుతుంది. అక్కడే మనవాళ్ళకు చిక్కు. మన తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు రాస్తాం. మహారాష్ట్ర పద్ధతిలో పిల్లల పేరు, తండ్రి పేరు రాసి ఇంటిపేరు చివర రాస్తారు. మార్కుల పత్రంలో ఒక విధంగా, ఆధార్‌లో ఒక విధంగా, పాస్‌బుక్కులో మరొక విధంగా ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది.

అందుకని తల్లిదండ్రులకు వాడు చెప్పే మాటలే నేనూ చెబుతున్నాను. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి పేరులో ప్రతి అక్షరం సరిచూడండి. తేడా ఉంటే దరఖాస్తుల కాలం రాకముందే దిద్దించండి. ఖాతా విద్యార్థి పేరుమీద ఉండాలి, ఆధార్‌తో జతపడి ఉండాలి. బీడీ పనిచేసే తల్లులు తమ గుర్తింపు కార్డు జాగ్రత్తగా పెట్టుకోవాలి. వారి పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్పుకు అది కావాలి, కనీసం ఆరు నెలల సర్వీసు ఉండాలి, దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. ఎక్కడైనా చెక్కు చేతికి వస్తే, 2012 ఏప్రిల్ నుంచి దాని గడువు మూడు నెలలే అని గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా కాగితం వెనక్కి తోస్తే దానిని పెట్టెలో దాచకండి. ఎందుకు తోశారో అడగండి. అడగడానికి బెరుకైతే మన ట్రస్టు ఆఫీసుకు తీసుకురండి.

ఆఖరిసారి వాణ్ణి చూసినప్పుడు మాట సరిగ్గా రావడం లేదు. "ఈసారి ఎంతమంది పిల్లలు?" అని అడిగాడు. ఒక అబ్బాయి ఇంటిపేరు తేడా దిద్దించారా అని అడిగాడు. దిద్దించామన్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఆ అబ్బాయి ఇప్పుడు ఈ హాలులోనే ఉన్నాడు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు బ్యాంకులో, ఆఫీసులో, ఆసుపత్రిలో కౌంటరు లోపల కూర్చుంటారు. ఆ రోజు మన వాడకట్టు నుంచి ఎవరో ఒకరు సగం నింపిన ఫారంతో ఎదురుగా నిలబడతారు. నేను చేసిన తప్పు మీరు చేయకండి. పక్కవాళ్ళు వింటారని చూడకుండా, "తెలుసు, మా వీధివాళ్ళే" అనండి.

ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా ట్రస్టు ఆఫీసులో నేనుంటాను. అక్కడ రెండు కుర్చీలుండేవి, రెండోది ఇప్పుడు ఖాళీగా ఉంది. ఫారాలు ఆన్‌లైన్‌లో నింపడం నాకు అంతగా చేతకాదు. మీలో ఎవరైనా వచ్చి కూర్చుంటే నాకు సాయం, మనవాళ్ళకు మేలు. వచ్చే ఆదివారం ఎవరొస్తారో చూస్తాను.