పోపుల డబ్బాలో డబ్బు ఎవరిది?

(హైదరాబాదు బస్తీల్లో మహిళా సంఘాలతో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహానగరంలో ఇంటి ఖర్చులు ఎలా తగ్గించుకోవాలో మాట్లాడమని నన్ను పిలిచారు. కొన్నేళ్ల క్రితమైతే ఈ విషయం మీద గంటసేపు ధైర్యంగా మాట్లాడేదాన్ని. అప్పట్లో ఒక శిక్షణా కార్యక్రమం కోసం నేనే ఖర్చుల పుస్తకం ఒకటి తయారుచేశాను. బియ్యం, పప్పులు, కూరలు, పాలు, గ్యాసు, కరెంటు, అద్దె, బడి ఫీజు, అన్నిటికీ గళ్లు. నెలాఖరుకి కూడుకుని, ఎక్కడ తగ్గించవచ్చో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఎంత పద్ధతిగా ఉందోనని మురిసిపోయాను కూడా.

అది పట్టుకుని బోరబండలో ఒక బస్తీకి వెళ్లాం. నాలుగిళ్లలో పనిచేసే ఒకామె పుస్తకం తిరగేసి రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది: "ఇంకేం తగ్గియ్యాలె మేడం? పాలు బందు పెట్టిన. కూర సగం చేసిన. ఇగ తగ్గాల్సింది నేనే." రెండోది: "మా ఆయన తాగే పైసలు ఏ గడిల రాయాలె?"

నా పుస్తకంలో ఆ గడి లేదు. భర్త తనకు కావలసింది తీసుకున్నాక భార్య చేతికి వచ్చేదే ఇంటి ఆదాయమనీ, అందులోంచి ఆమె పెట్టేదే ఇంటి ఖర్చు అనీ నేను ఆలోచించకుండానే ఒప్పేసుకున్నానన్నమాట. కుటుంబంలో సహకారమూ సంఘర్షణా కలిసే ఉంటాయని అమర్త్య సేన్ 1990లో రాసిన వ్యాసాన్ని ఇష్టంగా పాఠం చెప్పినదాన్నే. బస్తీకి వెళ్లేసరికి ఆ సంఘర్షణ మాయమై, మిగిలింది గళ్ల పుస్తకం!

ఆమె రెండో ప్రశ్న కొత్తదేమీ కాదు. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1991–92లో సారా దుకాణాల ముందు నిలబడి అడిగింది ఇదే. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే ఆ తర్వాత రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. వరస గమనించండి. ముందు మగవాడి ఖర్చును నిలదీశారు, తర్వాత పొదుపు చేశారు. మనం శిక్షణల్లో మొదటి సగం వదిలేసి రెండో సగమే నేర్పుతున్నాం.

ఇక మొదటి ప్రశ్న. పొదుపు అనేది గాలిలోంచి రాదు. కొనాల్సినదాన్ని కొనకుండా చేసుకోవాలి, లేదా చవగ్గా దొరికే చోటికి వెళ్లాలి, లేదా మానుకోవాలి. మూడూ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్తే వీధి చివరి బండి కన్నా కూరలు చవక. నిజమే. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ మధ్యతరగతి సలహాల్లో మొదటిది అదే. కాని వెళ్లి రావడానికి, వరసల్లో తిరిగి బేరం చేయడానికి, సంచులు మోసుకుని బస్సెక్కడానికి గంటన్నర. ముప్పై, నలభై రూపాయలు మిగలవచ్చు. ఆ గంటన్నర ఖరీదు ఎవరూ కట్టరు. అల్లం వెల్లుల్లి ఇంట్లోనే నూరుకోండి, పిండి ఇంట్లోనే రుబ్బుకోండి అనే ప్రతి సలహా వెనకా ఇంత సమయం ఉంది. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88. మన పొదుపు పాఠం ఆ 289కి ఇంకో ముప్పై కలుపుతోందా అని ఎప్పుడైనా చూసుకున్నామా?

సమయం కూడా చాలనప్పుడు మిగిలేది ఒళ్లు. పాలు బందు అంటే ఎవరికి బందు? పిల్లలకు ఒక గ్లాసు ఉంటుంది, ఆయన టీకి ఉంటుంది. కూర సగమైతే చివర తినే మనిషికి పులుసు నీళ్లు మిగులుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంతటికీ పొదుపే కారణమని నేననను. కాని "ఇగ తగ్గాల్సింది నేనే" అన్న మాటను కవిత్వంగా వినకండి. అది వైద్య సమాచారం.

ఇంత చేసి మిగిల్చిన డబ్బు ఎవరిది? 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవన్నప్పుడు ఈ ప్రశ్న ఊరంతటికీ ఎదురైంది. పోపుల డబ్బాలో, బియ్యం అడుగున, చీరల మడతల్లో ఉన్న నోట్లన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. బ్యాంకు మొహం చూడనివాళ్లు భర్తకో కొడుక్కో ఇచ్చారు. "ఎనిమిదేండ్ల సంది దాచిన. ఒక్క దినంల ఆయన పైసలైనయ్" అని నాతో ఒకామె అంది. దొంగ డబ్బు అని ఇంట్లో అన్నారట పైగా. పిల్ల ఫీజుకో, దెబ్బలు తప్పించుకుని ఒక రాత్రి పుట్టింటికి చేరే ఆటో కిరాయికో దాచుకున్నది!

ప్రభుత్వం చేసిపెట్టే పొదుపుకీ ఈ ప్రశ్న తప్పదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది మంచి పథకం, దాన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. దూరంగా ఎక్కువ జీతం ఇచ్చే పనికి వెళ్లగలుగుతున్నామని, ఎవరినీ అడగకుండా అమ్మను చూసి వస్తున్నామని చెప్పిన వాళ్లున్నారు. కాని "బస్సు ఫ్రీ కదా" అని ఇంటి ఖర్చుకిచ్చే డబ్బులో అంత కోసేసుకున్న భర్తల గురించీ విన్నాను. కరెంటు సంగతి వేరే. రెండు వందల యూనిట్ల లోపు వాడితేనే సున్నా బిల్లు. నాలుగు గదుల వాళ్లకు కలిపి ఒకే మీటరున్న అద్దె ఇంట్లో ఆ హద్దు ఇట్టే దాటుతుంది. పేదవాళ్లు చవగ్గా బతుకుతారనేది మన భ్రమ.

మన ఇళ్ల సంగతి కూడా ఒక్క మాట. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే చాలా ఇళ్లలో మొదట తగ్గించిన ఖర్చు పనిమనిషి జీతం. నేను జీతం ఆపలేదు. కాని ఆ ఏడు పెంచాల్సింది పెంచలేదు. ఖర్చు తగ్గించానని సంతోషించాను. ఆ మిగులు ఆమె గడిలోంచి వచ్చింది.

నా పుస్తకం తర్వాత మారింది. మగవాళ్ల ఖర్చుకు ఒక గడి పెట్టాం. ప్రతి పొదుపు పక్కన ఎంతసేపు పట్టింది, ఎవరు చేశారు, ఎవరు మానుకున్నారు అని మూడు చిన్న గళ్లు పెట్టాం. ఒక బస్తీలో పది ఇళ్లవాళ్లు వంతులేసుకుని రైతు బజారుకి ఇద్దరిద్దరు వెళ్లడం మొదలుపెట్టారు. ఆ వంతుల్లో మగవాళ్లను కూడా చేర్చాలని పట్టుబట్టారు. ఇద్దరు వచ్చారు, ఒకరు మానేశారు.

ఒక చిక్కు మాత్రం తేలలేదు. చాటుగా దాచుకున్న డబ్బుకి కూడా ఒక గడి పెట్టాను నేను, ఉత్సాహం కొద్దీ. "ఇంట్ల ఈ పుస్తకం ఆయన చూడడా?" అన్నారు వాళ్లు. ఆ పేజీ చింపేశాం. ఇప్పుడు ఆ లెక్క సంఘం సమావేశంలో నోటితోనే చెప్పుకుంటున్నారు, రాయడం లేదు. సంఘం పెద్ద మీద నమ్మకం లేని చోట అదీ కుదరడం లేదు. మీ బస్తీల్లో వేరే ఉపాయం ఏదైనా ఉంటే భోజనాల తర్వాత చర్చలో చెప్పండి, రాసుకుంటాను.