75 సెంట్ల లెక్క



ఇంటరు ముగించిన పిల్లలు సైబరు భద్రత నేర్తుమనుచున్నారు. తండ్రులు పొలము తాకట్టుపెట్టి రుసుము చెల్లింపవచ్చునా యని మీవంటి పెద్దల నడుగుచున్నారు. ఆ వృత్తి యెట్టిదో యెఱుఁగక యాలోచన చెప్పుట యెట్లు? కావున నొక కథతో మొదలిడెదను. ఇది కల్పితము గాదు.

1986వ సంవత్సరమున అమెరికాలో, లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలయందు, క్లిఫర్డు స్టాల్ అను ఖగోళశాస్త్రజ్ఞుఁ డుండెను. పరిశోధనకు ధనము చాలక ఆయనను కంప్యూటరుశాలకు మార్చిరి. అచ్చట యంత్రమును వాడుకొన్నవారు కాలమును బట్టి వెల చెల్లింతురు. ఆ లెక్కలలో 75 సెంట్లు, అనఁగా ముప్పాతిక డాలరు, తేడా వచ్చినది. మంచి కరణము దమ్మిడీ తేడాకు దీపము వెలిగించి తెల్లవాఱుదాఁక చిట్టా ఆవర్జాలు సరిచూచెడివాఁడు. స్టాల్ గారును అట్లే చూచిరి. చూడఁగా, ఎవఁడో పరాయివాఁడు దొంగదారిని యంత్రమున జొరఁబడుచున్నాఁడని తేలినది.

ఆయన వెంటనే తలుపు మూయలేదు. మూసినచో దొంగ యెవఁడో తెలియకపోవును. తంతులకు అచ్చుయంత్రములు తగిలించి, వాఁడు మీటిన ప్రతి యక్షరమును కాగితముపై దింపుకొనుచు, జరిగినదెల్ల పుస్తకమున వ్రాసికొనుచు నెలల తరబడి కాచుకొనిరి. వాఁడు ప్రయోగశాలను మెట్టుగాఁ జేసికొని సైనికశాఖ యంత్రములను వెదకుచుండెను. జాడ పట్టుటకు వాఁడు తంతిపై చాలసేపు నిలువవలె. అందుకై, లేని రక్షణకార్యాలయ మొకటి యున్నట్లు దొంగపత్రములు పెద్దకట్ట కల్పించి యెర పెట్టిరి. వాఁడు వానికై యాశపడి కూర్చుండఁగా, జాడ పశ్చిమ జర్మనీలోని హానోవరునకుఁ జేరినది. మార్కస్ హెస్ అను నతఁడు తోడివారితోఁ గలసి సోవియటు గూఢచారిశాఖకు సమాచారము అమ్ముచుండెను. 1990లో న్యాయస్థానము నేరము నిర్ణయించెను గాని, శిక్షను అమలుపఱుపక నిలిపివేసెను.

ఈ విద్యలో స్టాల్ గారికి పట్టము లేదు.

నేఁటి ఉద్యోగమున తొలిమెట్టు కావలి. బ్యాంకులలోను పెద్దసంస్థలలోను యువకులు వంతులవారీగా రేయింబవళ్లు తెరల యెదుట కూర్చుండి, యంత్రములు వ్రాయు చిట్టాలను, హెచ్చరికలను పరికింతురు. హెచ్చరికలలో చాల భాగము వట్టివి. తర్కము చదివినవారికి ఇది క్రొత్తగాదు. మంచును పొగ యని తలఁచి కొండపై నిప్పున్నదనువాని యనుమానము చెల్లదు గదా! పొగయేదో మంచేదో తెలిసినవానిని దర్యాప్తునకుఁ బంపుదురు. కొందఱు యజమాని వ్రాఁతపూర్వకముగ ననుమతింపఁగా, దొంగవలె జొరఁబడి లోపములను జూపుదురు. అనుమతిలేక దుర్బుద్ధితోఁ జేసినచో 2000 నాఁటి సమాచార సాంకేతిక చట్టము 66వ విభాగము క్రింద 3 ఏండ్లవఱకు చెఱసాల. కుఱ్ఱవారికి ఈ మాట ముందే చెప్పవలె.

అనుభవము పండినపిమ్మటిది అపాయగణన. ఏ కీడు ఎంతవఱకు సంభవము, వచ్చిన నెంత నష్టము, తప్పించుట కెంత వ్యయము — వీనిని తూఁచి యజమానికి విన్నవింపవలె. పది రూపాయల గింజలు తిను ఎలుకకు వేయి రూపాయల బోను తెమ్మనువాఁడు దీనికిఁ బనికిరాఁడు. అన్ని తలుపులకు తాళము వేయుమనుట సులువు. ఏ తలుపు తెఱచియున్నను బాధలేదో చెప్పి, ఆ మాటక్రింద చేవ్రాలు చేయుట కష్టము. నా మతమున ఈ వృత్తికి సారమిదియే.

మన దేశమున సెర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థ 2022లో నిచ్చిన యాజ్ఞ ప్రకారము, సంస్థలు ఇట్టి యుపద్రవమును కనుఁగొన్న 6 గంటలలోపల తెలుపవలె. చిట్టాలను 180 దినములు భద్రపఱుపవలె.

ఇఁక రుసుము మాట. ఈ రంగమునఁ బేరొందిన సి.ఐ.ఎస్.ఎస్.పి. పట్టమునకు పరీక్షతోఁబాటు 5 ఏండ్ల ఉద్యోగానుభవము కావలె. తగిన డిగ్రీ యున్నచో ఒక యేఁడు తగ్గింతురు. అట్టిదానిని మూఁడు నెలలలో నిప్పింతుమనువారి మాట విని పొలము తాకట్టు పెట్టవలదు. డిగ్రీ చదువుచునే లినక్సు, నెట్‌వర్కులు సాధన చేయవచ్చును. లినక్సు వెలలేనిది, పాత కంప్యూటరుపైనను నడచును.

పిల్లవాని యభిరుచి తెలియవలెనన్న, సహకారసంఘపు పాత లెక్కపుస్తక మొకటి యిచ్చి, అందొక తేడా యున్నదని మాత్రము చెప్పుఁడు. భోజనమునకుఁ బిలిచినను లేవక వెదకినచో, రుసుము సంగతి మఱల నాలోచింతము.