ముఖం కడిగే సబ్బులో ఏముంది?

(యువతులకు, తల్లులకు ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సదస్సులో స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సుల్లో బి.పి. గురించి, షుగరు గురించి, రక్తహీనత గురించి విన్నారు. ఈరోజు విషయం ముఖం కడుక్కోవడం. "అదీ ఒక విషయమేనా సిస్టర్?" అని వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. ఒక్క రోజు మా చర్మవ్యాధుల ఓ.పి. ముందు కూర్చుంటే ఆ నవ్వు ఆగిపోతుంది. మొటిమలకని ఒకటి, నలుపు తగ్గడానికని ఇంకొకటి కొని వాడి, ముఖం ఎర్రబడి, మంటతో, పైట కొంగు చాటు చేసుకుని వచ్చే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. డబ్బా మీద రాసింది చదవడం వస్తే ఇందులో సగం బాధ తప్పుతుంది. కాబట్టి ఈరోజు మనం డబ్బా చదవడం నేర్చుకుందాం.

చర్మం ఎలా ఉంటుంది?

చర్మం పైపొర గోడ లాంటిది. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థం సిమెంటు. ఈ గోడ లోపలి తేమను బయటకు పోనివ్వదు, బయటి క్రిములను లోపలికి రానివ్వదు. ఆరోగ్యమైన చర్మానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. పి.హెచ్. లెక్కలో అది సుమారు 5. మంచినీళ్లు 7 దగ్గర ఉంటాయి. మామూలు సబ్బు నురగ 9 నుండి 10 వరకు ఉంటుంది, అంటే క్షార గుణం. అందుకే సబ్బుతో మాటిమాటికీ రుద్దితే మురికితో పాటు ఆ సిమెంటు కూడా పోతుంది. రోజంతా చేతులు కడుక్కునే మా నర్సులను అడగండి, చలికాలంలో మా చేతులు ఎలా పగులుతాయో చెబుతాం. ముఖం మీది చర్మం చేతులకన్నా పలుచన.

సబ్బు

నూనె గానీ కొవ్వు గానీ తీసుకుని కాస్టిక్ సోడాతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. అట్ట మీద సోడియం పామేట్ అని ఉంటే అది పామాయిల్ సబ్బు. సోడియం టాలోవేట్ అంటే జంతువుల కొవ్వుతో చేసినది. టి.ఎఫ్.ఎం. అని ఒక శాతం కూడా ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం ఎంత ఉందో అది చెబుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బులో మొదటి రకానికి కనీసం 76, రెండవ రకానికి 70, మూడవ రకానికి 60 శాతం ఉండాలి. బాతింగ్ బార్ అని రాసి ఉంటే అది వేరే తరగతి, అందులో ఈ శాతం ఇంకా తక్కువ ఉండవచ్చు. కొనేముందు అట్ట తిప్పి చూడండి, దానికి డబ్బు ఖర్చు కాదు.

ఫేస్ వాష్

ట్యూబు వెనక సన్న అక్షరాల్లో పేర్లు ఉంటాయి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయవచ్చు. మొదటి పేరు చాలాసార్లు ఆక్వా. అంటే నీళ్లే! ముందు వైపు పెద్ద బొమ్మగా వేసిన కుంకుమపువ్వో, బొప్పాయో పేరు జాబితాలో చిట్టచివర ఉంటే, లోపల అది చిటికెడే ఉండవచ్చని అర్థం చేసుకోండి.

తరువాత వచ్చేవి నురగనిచ్చే పదార్థాలు. జిడ్డును నీళ్లలో కలిపి తీసుకుపోయేవి ఇవే. సోడియం లారిల్ సల్ఫేట్ బాగా నురగనిస్తుంది, పొడి చర్మాన్ని మంట పెడుతుంది. సోడియం లారెత్ సల్ఫేట్ దానికన్నా కొంత నయం. కోకమిడోప్రొపైల్ బీటైన్ ఇంకా మెత్తనిది, కానీ అదీ కొద్దిమందికి పడదు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అనుకోవద్దు. కడిగాక ముఖం బిగుసుకున్నట్లు ఉంటే అది శుభ్రతకు గుర్తు కాదు, చర్మం ఎండిపోయిందని గుర్తు.

గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. పొడి చర్మం వారు ఈ పేరు జాబితాలో పైన ఉన్నది చూసుకోండి.

సాలిసిలిక్ ఆసిడ్ చర్మరంధ్రాల్లో పేరుకున్న జిడ్డును, మృతకణాలను వదులు చేస్తుంది. మొటిమల ఫేస్ వాష్‌లలో సాధారణంగా అర శాతం నుండి 2 శాతం వరకు ఉంటుంది. జిడ్డు ముఖానికి మంచిది, పొడి ముఖానికి మంట. బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల్లోని బాక్టీరియాను చంపుతుంది. ఇది తువ్వాలు, దిండు గలీబుల రంగును కూడా తినేస్తుంది, జాగ్రత్త. ఇవి రెండూ ఒకే రోజున మొదలుపెట్టవద్దు. గర్భిణీలు డాక్టరును అడిగి వాడాలి.

పర్ఫ్యూమ్ అంటే సువాసన. అలర్జీ తెచ్చేవాటిలో ఇది ముందుంటుంది. పాడవకుండా కలిపే వాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ కూడా కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. ట్రైక్లోసాన్ అనే క్రిమిసంహారక మందు మామూలు సబ్బు, నీళ్లకన్నా ఎక్కువ మేలు చేస్తుందని కంపెనీలు రుజువు చేయలేదని చెప్పి, అమెరికా ప్రభుత్వం 2016లో ఇళ్లలో వాడే యాంటీబాక్టీరియల్ సబ్బుల్లో దాన్ని వద్దంది.

మన సున్నిపిండి సంగతి

కుంకుడుకాయలో, శీకాయలో సాపోనిన్లు ఉంటాయి, నురగ వాటిదే. అవి తలకు సరే, కంట్లో పడితే ఎంత మంటో మీకు తెలుసు. ముఖానికి వద్దు. పెసరపిండి, శనగపిండి మెత్తగా జల్లించి, నీళ్లతో కలిపి తేలికగా రాస్తే మంచిదే. బరకగా ఉన్న పిండితో మొటిమల మీద రుద్దితే అవి చితికి మచ్చలు పడతాయి. నిమ్మరసం ఘాటైన ఆమ్లం. రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు రావచ్చు. ఇంట్లో చేసినదంతా మంచిదనీ, కంపెనీదంతా చెడ్డదనీ అనుకోవద్దు.

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది

అమ్మలారా, ఈ మాట మీకే చెబుతున్నాను. పెళ్లిచూపులకు ముందు పిల్లను తెల్లబరచాలని తొందరపడతారు. చర్మం రంగు మెలనిన్ వలన, పుట్టుకతో వస్తుంది. ఒక నిమిషం ముఖం మీద ఉండి నీళ్లతో పోయే ఫేస్ వాష్ దాన్ని మార్చలేదు. నిజంగా వారంలో తెలుపు కనిపించిందంటే అందులో ఏదో ఉందని అనుమానించండి.

మొదటిది పాదరసం. కొన్ని తెల్లబరిచే సబ్బుల్లో, క్రీముల్లో దొంగచాటుగా కలుపుతారు. మెర్క్యురీ, మెర్క్యురిక్ అయొడైడ్, కాలొమెల్ అనే పేర్లు ఉంటే కొనవద్దు. బంగారం, వెండి నగలకు తగలనీయవద్దు అని రాసి ఉన్నా అనుమానించాల్సిందే. పాదరసం చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాలను పాడు చేస్తుంది, కడుపులో బిడ్డకూ హాని చేస్తుంది. పేర్లే రాయని డబ్బా, చిరునామా లేని డబ్బా ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

రెండవది స్టెరాయిడ్ క్రీము. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అనే పేర్లు గుర్తుంచుకోండి. ఇవి మంచి మందులే, డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులకు మాత్రమే. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, రక్తనాళాలు కనిపించి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు ఎక్కువై మళ్లీ అదే రాయాలనిపిస్తుంది. ఈ కారణం చేతనే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడవద్దు, మిమ్మల్ని ఎవరూ తిట్టరు. ట్యూబు చేత్తో పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరకు రండి. ఎలా మానాలో ఆయన చెబుతారు.

ఇంకొక్క మాట. ముఖం మీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే, సబ్బులు మార్చుతూ కాలం గడపవద్దు. అది కుష్ఠు కావచ్చు. త్వరగా వస్తే పూర్తిగా నయమవుతుంది, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఇంటికి వెళ్లి చేయవలసినవి

1. ఉదయం, రాత్రి రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి కడగండి. అంతకన్నా వద్దు.
2. గోరువెచ్చని లేదా చన్నీళ్లు వాడండి. వేళ్లతో మెల్లగా రాయండి, పీచు వద్దు.
3. మెత్తని తువ్వాలుతో అద్దండి, రుద్దవద్దు. తువ్వాలు ఎవరిది వారికి ఉండాలి.
4. కొత్తది కొంటే ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, ముఖం మీద ఉంచినంతసేపే ఉంచి కడగండి. రోజుకు రెండుసార్లు, వారం రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి.
5. కంట్లో పడితే మంచినీళ్లతో 15 నిమిషాలు కడగండి. మంట తగ్గకపోతే ఆసుపత్రికి రండి.
6. ముఖం వాచినా, బొబ్బలు వచ్చినా వెంటనే ఆపి, ఆ డబ్బా వెంట తీసుకురండి. దాని మీది పేర్లే మాకు దారి చూపుతాయి.

ఈరోజు ఇంటికి వెళ్లగానే మీ స్నానాలగదిలో ఉన్న డబ్బాలన్నీ బయట పెట్టి, ఒక్కొక్కటి తిప్పి చదవండి. ఇంగ్లీషు చదవడం రాని అమ్మకు కూతురు చదివి వినిపించాలి. అర్థంకాని పేరు ఉంటే కాగితం మీద రాసి తీసుకురండి, ఓ.పి.లో కూర్చుని కలిసి చూద్దాం.